గేటు బయట పుస్తెలు

గార్డు చేతిలోని నల్ల యంత్రం ఊర్మిళ మెడ దగ్గరకు రాగానే మళ్లీ కీచుమంది.

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. సున్నంతో గీసిన గుండ్రాలలో పరీక్షకు వచ్చిన పిల్లలు ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. అందరి మొహాలకూ మాస్కులు, చేతులకు పల్చటి తొడుగులు. పొద్దున కురిసిన వాన ఆవిరై రోడ్డు మీది నుంచి పైకి లేస్తోంది. ఊర్మిళ ముందున్న అమ్మాయి పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది. పక్క బల్ల దగ్గర ఇంకో గార్డు ఆ చొక్కా చేతులను మోచేతుల దాకా కత్తెరతో కత్తిరిస్తోంది. ఆ అమ్మాయి ఏడవలేదు. కింద పడిన గుడ్డ ముక్కలను ఏరుకుని బయటున్న తండ్రి వైపు విసిరి లోపలికి వెళ్లిపోయింది.

"మంగళసూత్ర నహీ చలేగా బెన్" అంది గార్డు. "ఉతారో." తీసెయ్యమని వేలితో చూపింది.

కాలి వేళ్లకు పట్టేసిన మట్టెలు ఊడి రావని తేలాక గార్డే వాటికి తెల్ల టేపు చుట్టి సరిపెట్టింది. పుస్తెలకు కూడా అలాగే చుట్టమని ఊర్మిళ గుజరాతీలో బతిమాలింది. గార్డు ముఖం చెడ్డది కాదు. గొంతు తగ్గించి, తనూ పెళ్లయినదాన్నేనని, లోపల ఇంకోసారి చూస్తారని, అక్కడ గొలుసు బయటపడితే తన నౌకరీ పోతుందని చెప్పింది. బయట ఇంటివాళ్లు ఉంటే ఇచ్చి రమ్మంది. ఒకటిన్నరకు గేటు మూస్తారంది.

ఊర్మిళ వెనక్కి తిరిగింది.

రోడ్డుకు అవతల తాడు కట్టి తల్లిదండ్రులను ఆపేశారు. ఆ గుంపులో ఆమె అత్త నర్సవ్వ స్టీలు టిఫిన్ పట్టుకుని నిలబడి ఉంది. టిఫిన్‌లో జావ. పరీక్ష దగ్గర కోడలిని దింపి అటు నుంచి అటే దవాఖానకు వెళ్లాలని నర్సవ్వ పొద్దున్నే కాచింది. దవాఖానలో ఆమె కొడుకు సంపత్ ఆక్సిజన్ మీద ఉన్నాడు. లోపలికి ఎవరినీ రానివ్వరు. గేటు దగ్గర కిటికీలో టిఫిన్ ఇస్తే, వార్డు మనిషి దాని మీద అతికించిన పేరు చూసి పట్టుకుపోతాడు. టిఫిన్ ఖాళీగా తిరిగొచ్చిన రోజు నర్సవ్వ నిద్రపోతుంది. నిన్న సగం తిరిగొచ్చింది.

సంపత్‌కూ ఊర్మిళకూ మాఘమాసంలో పెళ్లయింది. ఇద్దరి ఇళ్లూ సూరత్‌లోని ఉధ్నా పేటలోనే, రెండు గల్లీల తేడా. రెండు కుటుంబాలూ సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చినవే. ఊర్మిళ సూరత్‌లోనే పుట్టి గుజరాతీ మీడియంలో పన్నెండు పాసైంది. నీట్ ఒకసారి రాసి తప్పింది. ఇంకొక్కసారి రాయనిస్తేనే పెళ్లి చేసుకుంటానంది. పెళ్లిచూపుల్లో ఆ మాట విని పెద్దలు మొహాలు చూసుకుంటుంటే సంపత్ ఒక్కడే నవ్వాడు. "రాయనియ్యి. రేపు నాకు జరమొస్తె పైస లేకుండ పుకట్‌గ చూస్తది" అన్నాడు.

ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే ఊర్మిళ ఒక సంగతి కనిపెట్టింది. సంపత్‌కు మెల్లగా మాట్లాడటం రాదు. పదిహేనో ఏట నుంచి సాంచాల చప్పుడులో అరిచి అరిచి, ఉప్పు అందుకొమ్మనడానికి కూడా కేక వేసేవాడు. "ఇల్లు గూడ కార్ఖాననే అనుకున్నవా?" అని ఆమె నవ్వితే, అతను గొంతు తగ్గించాలని చూసేవాడు. అప్పుడు మాట బొత్తిగా వినపడేది కాదు. తెర అవతల పడుకున్న నర్సవ్వ, "గట్టిగనన్న అను, మెల్లగనన్న అను, నడుమ గుసగుసేందిరా" అని కసిరేది. ఊర్మిళ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఉగాది వచ్చేసరికి ఊరంతా మూతపడింది. ఉధ్నాలో సాంచాలు ఆగిపోతే ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. పిచ్చుకల గొంతు వినబడింది. పక్కింటి గడియారం కూడా వినబడింది. చప్పుడులోనే పుట్టి పెరిగిన ఊర్మిళకు ఆ నిశ్శబ్దంలో చదువు ఎక్కలేదు. సంపత్ రేకు పెట్టె మీద గరిటెతో టకటకా కొడుతూ కూర్చునేవాడు. "నడుస్తుందా సాంచ? సదువు మల్ల" అనేవాడు. పని లేదు, కూలి లేదు, వేపపువ్వు లేని ఉగాది పచ్చడి. అయినా ఆ ఎండాకాలం వాళ్లిద్దరికీ పండుగలాగే గడిచింది. పరీక్ష మేలో అన్నారు, జూలై అన్నారు, చివరికి సెప్టెంబరు అన్నారు.

వానలతో పాటే సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. కార్ఖానా యజమాని సేఠ్ మీటరుకు పావలా కూలి కోశాడు. కార్మికులు సగం మంది ఊళ్లకు వెళ్లిపోవడంతో ఎనిమిది సాంచాలు చూసేవాడికి పన్నెండు అప్పగించాడు. ఊర్మిళ మధ్యాహ్నం అన్నం తీసుకెళ్తే, సంపత్ సాంచాల నడుమ నిలబడి తన మోచేతికీ మణికట్టుకూ మధ్య వేలు పెట్టి చూపేవాడు. ఆమె పెదవులు కదిపేది, రేడియస్, అల్నా. ఆ చప్పుడులో మాట వినపడదు. అక్కడి మనుషులంతా పెదవులు చూసే మాట్లాడుకుంటారు. మాస్కు కిందికి లాగితే తప్ప పాఠం నడవదు. ఇద్దరూ మాస్కులు లాగేవాళ్లు. పక్క సాంచాల వాళ్లకూ మాట్లాడుకోవాలంటే అదే దారి. ఒకడు దగ్గుతూనే అచ్చులో దారాలు సర్దేవాడు. వారం ఇంట్లో పడుకుంటే సాంచాలు ఇంకొకడికి ఇస్తారని సంపత్ కూడా జ్వరం గోళీ మింగి పనికి పోయాడు. నాలుగో నాడు రాత్రిపాళీ వాళ్లు అతన్ని ఆటోలో ఇంటికి మోసుకొచ్చారు.

పరీక్షకు నగలు పెట్టుకుని రాకూడదన్న సంగతి ఊర్మిళకు ముందే తెలుసు. సంపత్‌కూ తెలుసు. పెళ్లిలో కట్టిన పసుపుతాడు చదువుకునేటప్పుడు మెడ ఒరుసుకుంటోందని అంటే, అతనే పుస్తెలను సన్నటి గిల్టు గొలుసులోకి ఎక్కించుకొచ్చాడు. ఆ రోజే అన్నాడు, "గేటుకాడ తియ్యమన్నరనుకో, నేనే తీస్త. కట్టినోడు తీస్తె తప్పేంది? నువ్వొచ్చేదాక అంగీ జేబుల పెట్టుకొని, ఎదురుంగ లోచో తినుకుంట నిలవడత. నీ వంతు గూడ తింట." ఈ మాట వాళ్లిద్దరి మధ్యే ఉండిపోయింది. అతను దవాఖానలో పడ్డాక అత్తకు చెప్పడానికి ఊర్మిళకు నోరు రాలేదు. గేటు దగ్గర వదిలేస్తారేమోనని ఆశపడింది.

"ఏమైందే, మల్లొచ్చినవ్? కాయిదమేమన్న మర్సినవా?" నర్సవ్వ తాడు దగ్గరకు వచ్చింది.

"లేదత్తమ్మా. ఇది తీసిచ్చి రమ్మంటున్రు."

ఊర్మిళ వేలు ఎక్కడుందో చూశాక గానీ నర్సవ్వకు అర్థం కాలేదు.

"పుస్తెలా?"

"లోహమేదున్నా పోనిస్తలేరు. దాంట్ల మషీన్ గిట్ల దాసుకొని కాపీ కొడతరని."

"వాళ్ల నోట్ల మన్నువడ!" అంది పక్కనున్న చిన్నవ్వ. ఆమెది అదే గల్లీ. ఆమె బిడ్డ హారతి కూడా పరీక్షకు వచ్చి, ఇంతకుముందే లోపలికి వెళ్లిపోయింది. నలుగురూ ఒక్క ఆటోలోనే వచ్చారు. "మషీన్ వట్టేంత పుస్తెలు మన గల్లీల ఎవ్వతికున్నయే? సేఠాణీ మెడ అనుకున్నరా? గోరంత బిల్లలు, గాలికి లేస్తయ్!"

పక్కన ఎవరో తెలుగు తెలిసినవాళ్లు నవ్వారు. నర్సవ్వ నవ్వలేదు.

"వద్దు బిడ్డా" అంది. "ఇంటికి పోదాం."

"అత్తమ్మా..."

"వచ్చేయేడు రాయి. ఎవలొద్దన్నరు? వాడు మూతికి గొట్టం వెట్టుకొని పండిండు. గీయాల్లనే తీస్తవా? పానమెట్లొప్పుతదే నీకు?"

"ఆయననే తీస్తనన్నడు." ఊర్మిళ ఆ మాట చెప్పేసింది. జేబులో పెట్టుకుంటానన్నదీ, లోచో తింటానన్నదీ అంతా చెప్పింది. చెబుతుంటే మాస్కు తడిసి పెదవులకు అంటుకుంది.

కొడుకు అలాంటి మాట అనే ఉంటాడని నర్సవ్వకు తెలుసు. వాడి మాటలన్నీ అలాగే ఉంటాయి.

"గింతదానికి లొల్లెందుకు?" చిన్నవ్వ అందుకుంది. "ఎదురుంగ కిరాణ దుకాణముంది. పసుపు కొమ్ము తెచ్చి దారానికి కట్టి మెడలేద్దాం. పసుపు కొమ్ముకు మషీన్ మొత్తుకోదు గద?"

"వద్దు!"

ఆ కేకకు తాడు పొడుగునా ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. నర్సవ్వ అంత గట్టిగా అరవగలదని ఊర్మిళకు ఇన్ని నెలల్లో తెలియదు.

ఎందుకు వద్దో చిన్నవ్వకు తెలుసు. నాలుక కరుచుకుంది. సంపత్ తండ్రి బుచ్చిరాములు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టినప్పుడు, సూదిమందులకు ఇంట్లో ఇంకేమీ మిగలక, నర్సవ్వ తన పుస్తెలు తీసి అమ్మింది. మెడ ఉత్తగా ఉండకూడదని పసుపు కొమ్ము కట్టుకుంది. మందులు తెచ్చింది. ఆ సీసాలు పూర్తికాకముందే బుచ్చిరాములు పోయాడు. పత్తి దుమ్ము, సాంచాల గదిలో గాలి లేకపోవడం, పన్నెండు గంటల పాళీ అతన్ని తిన్నాయని డాక్టరు అన్నాడు. గల్లీ ఆడవాళ్లు ఆ మాట వినలేదు. "బంగారమసొంటి పుస్తెలు నీ చేతులతోనే తీస్తివి గదే, ఇంక ఆయుసెక్కడిది?" అన్నారు. అన్నవాళ్లలో చిన్నవ్వ కూడా ఉంది. ఆ పసుపు కొమ్మును కూడా వాళ్లే తెంపారు.

నర్సవ్వ వాళ్లను నమ్మింది. మొగుణ్ని బతికించుకోవడానికి చేసిన పనే అతన్ని చంపిందని నమ్మి, పదేళ్లుగా కార్ఖానాలో నూలు కండెలు చుడుతూ కొడుకును సాకింది. కొడుకు పెళ్లిలో పుస్తెల పళ్లెం అందరి దగ్గరకూ వచ్చింది. కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ వాటిని ముట్టి దీవించారు. ముక్కూమొహం తెలియని సేఠ్ గుమాస్తా కూడా ముట్టాడు. పళ్లెం దగ్గరకు వస్తుంటే పెళ్లికొడుకు తల్లి ఎవరూ చెప్పకముందే లేచి, నీళ్ల డ్రమ్ము వెనక్కి వెళ్లి నిలబడింది. పీటల మీది నుంచి ఊర్మిళ అది చూసింది. అప్పుడు ఆమె పెళ్లికూతురు. పెళ్లికూతుళ్లు నోరు తెరవరు.

గేటు దగ్గర ఈల వేశారు. గుండ్రాలలో నాలుగైదుగురే మిగిలారు.

"తీస్తున్న అత్తమ్మా" అంది ఊర్మిళ.

నర్సవ్వ కళ్లు మూసుకుంది.

గొలుసు తల మీదుగా వస్తూ మాస్కు తాడుకు చిక్కుకుంది. చిక్కు విడిపోయాక మెడ మీద గొలుసు ఉన్న చోట సన్నటి గీత మిగిలింది, చెమటతో మెరుస్తూ.

"సరే, తీస్తె తీసినవ్. నాకియ్యి బిడ్డా." చిన్నవ్వ కొంగు పట్టింది. "నాకు మొగడున్నడు, నేను ముట్టొచ్చు. కొంగుల ముడేసుకుంట. నర్సవ్వ చేతికియ్యకు, నీకు దండం వెడత."

"నేనెందుకు ముడత?" అంది నర్సవ్వ, కళ్లు తెరవకుండానే. అందులో కోపం లేదు. పొయ్యి చల్లారిందని చెప్పినట్టు చెప్పింది. "పెండ్లినాడే ముట్టలే."

చిన్నవ్వ కొంగు చాచే ఉంది. అందులో వేసేస్తే అయిపోతుంది, గేటు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఊర్మిళ ఒక అడుగు వేసింది కూడా. ఆగింది.

"నీకియ్య పెద్దమ్మా."

"ఏందీ?"

"నీకియ్య. మా అత్తమ్మకే ఇస్త."

"సదువుకున్నవని ఎచ్చులా? ఆమె చేయి మంచిది కాదని నేనంటలేను తల్లీ, లోకమంటది!"

"ఆ చేయే ఆయనను సాకింది. ఆ చేతి అన్నం తినే నేను గీడిదాక వచ్చిన." ఊర్మిళ గొలుసును నర్సవ్వ ముందు చాపింది. "అత్తమ్మా, పట్టుకో."

నర్సవ్వ రెండు అడుగులు వెనక్కి వేసింది. టిఫిన్ లేని చేయి వీపు వెనక దాచుకుంది, చిన్నపిల్లలా.

"నన్ను పాపంల పడెయ్యకే. ఒక్కసారి పడ్డ. సాలు."

"నువ్వు పట్టుకోకుంటె నేను లోపటికి పోను. గిట్లనే నిలవడత. గేటు మూసిన్రా, మూయనియ్యి."

"ఊర్మిళా!"

"మామను నువ్వు సంపలేదత్తమ్మా." ఊర్మిళ తాడు మీదికి వంగింది. "గా ఊపిరితిత్తుల పాఠం నేను సదివిన. దుమ్ము సంపింది. గాలి లేని అర్ర సంపింది. నువ్వు మందు తెచ్చినవ్. గంతే."

రెండో ఈల. ఇనుప గేటు ఒక రెక్క మూశారు. గార్డు ఇటే చూస్తూ, రమ్మని చేయి ఊపింది.

వీపు వెనక నుంచి నర్సవ్వ చేయి వచ్చింది. కండెలు చుట్టి చుట్టి నూలు కోసిన గీతలతో నిండిన అరచేయి. ఊర్మిళ దాంట్లో గొలుసు పెట్టి, వేళ్లు ముడిచి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. ఆమె లోపలికి దూరాక రెండో రెక్క మూసుకుంది.

జనం పల్చబడ్డారు. కొందరు చెట్ల నీడల్లో కూర్చున్నారు. నర్సవ్వ పిడికిలి చాచి పట్టుకుని నిలబడే ఉంది. అందులోది ఇంకా వెచ్చగా ఉంది. కోడలి ఒంటి వేడి. ఇంత తేలికా ఇవి, అనుకుంది. ఎప్పుడో అమ్మేసినవాటి బరువు ఆమెకు గుర్తు లేదు.

"ఇగనన్న ఇయ్యి" అంది చిన్నవ్వ. "పిల్ల లోపటికి వోయింది, సూడదు. ఆమె రాంగనే నీ దగ్గరనే ఉన్నట్టు నువ్వే ఇద్దువు. దోషం తప్పిపోతది."

నర్సవ్వ చుట్టూ చూసింది. నేల మీద పెట్టలేదు. నడుముకున్న సంచిలో చిల్లర పైసలు, పొగాకు కాడ ఉన్నాయి, వాటి పక్కన పెట్టలేదు. చిన్నవ్వ కొంగు ఎదురుగా ఉంది. మూడు గంటలు ఈ పుస్తెలు ఎవరి మెడలోనూ లేకుండా ఉంటే, అక్కడ దవాఖానలో ఆ గొట్టం, ఆ మంచం, వాడు సగం వదిలేసిన జావ.

టిఫిన్ కింద పెట్టి, నర్సవ్వ రెండు చేతులతో గొలుసు విప్పి తన తల మీదుగా మెడలో వేసుకుంది.

చిన్నవ్వ మాస్కు జారిపోయింది.

"ఓ నర్సవ్వా! నీకేమన్న పిస లేసిందా? మొగడు సచ్చినదానివి, కోడలి పుస్తెలు మెడలేసుకుంటవా? తియ్యి! ఎవలన్న సూస్తె మొకాన ఉమ్ముతరు! నీ మెడ ఎసొంటిదో యాది మర్సినవా?"

"ఎసొంటిదే నా మెడ?"

చిన్నవ్వ జారిన మాస్కు పైకి లాక్కుంది.

"వాడు నడిసేదాక గీ మెడ వట్టుకొనే తిరిగిండు. జరమొస్తె గీ మెడల మొకం వెట్టుకొనే పండేది. అప్పుడు సంపలే." నర్సవ్వ గొలుసు మీద చేయి వేసుకుంది. "ఇప్పుడు సంపుతదా?"

టిఫిన్ తీసుకుని రోడ్డు మీదికి నడిచింది. షేర్ ఆటోలో పక్కనున్న గుజరాతీ ముసలామె జరిగి చోటిచ్చింది. ఆమెకు నర్సవ్వ మెడలో ఉన్నది కోడలిదని తెలియదు. ఎవరి మొగుడు ఎప్పుడు పోయాడో తెలియదు. ఊరికే నవ్వి, ఎండ ఎక్కువైందంది. పదేళ్ల తర్వాత నర్సవ్వను ఒక మనిషి మామూలు ఆడదాన్ని చూసినట్టు చూసింది. అది కూడా ఎందుకో కళ్లలో నీళ్లు తెప్పించింది.

దవాఖాన గేటు దగ్గర ఉధ్నావాళ్లు ముగ్గురు ఆడవాళ్లు టిఫిన్లతో నిలబడి ఉన్నారు. నర్సవ్వను చూసి పలకరించబోయి ఆగిపోయారు. వాళ్ల చూపులు ముఖం మీది నుంచి మెడ మీదికి దిగాయి. ఒకామె ఇంకొకామె మోచేతిని గిల్లింది.

నర్సవ్వ చేయి తనంతట తానే కొంగు దగ్గరకు పోయింది. ఒక్క లాగు లాగితే కప్పబడుతుంది. చేయి అక్కడే కాసేపు ఉండి, ఉత్తగా కిందికి వచ్చింది.

ఆమె కిటికీలో టిఫిన్ పెట్టింది. తెల్ల సూటు తొడుక్కున్న వార్డు మనిషి దాని మీది పేరు చదివాడు. రోజూలా పట్టుకుని లోపలికి పోలేదు. ఇంకోసారి చదివి, పక్కన ఉన్నవాడితో ఏదో అన్నాడు.

"రుకో మాజీ" అన్నాడు. "యహీఁ రుకో." అక్కడే ఆగమని చేయి చూపి, టిఫిన్ వదిలి లోపలికి వెళ్లాడు.

వెనక ఆడవాళ్లు గుసగుసలు ఆపేశారు. నర్సవ్వ రెండు చేతులతో కిటికీ ఇనుప చువ్వలు పట్టుకుని, కప్పని మెడతో, ఆ మనిషి వెళ్లిన తలుపు వైపే చూస్తూ నిలబడింది.